పిలిచే తీరుకూ ఒక చరిత్ర ఉంది

తండాల నుంచి, పెంటల నుంచి, ఎరుకల వాడల నుంచి వచ్చి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో చదువుతున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ మాటలు.

కొత్త అడ్మిషన్లు మొదలయ్యాయి. ఇంకొన్ని రోజుల్లో హాస్టల్ వరండాల్లో ట్రంకు పెట్టెలు దిగుతాయి. పెట్టెతో పాటే ఒక పిలుపు కూడా దిగుతుంది. "ఏయ్ లంబాడా", "ఓ తండా", "చెంచుగా", "కోటా బ్యాచ్". పిలిచినోడు నవ్వుతాడు, చుట్టూ ఉన్నోళ్లు నవ్వుతారు, పిలిపించుకున్న పిల్లగాడు కూడా మొదటి వారం నవ్వుతాడు. తర్వాత మెస్‌కు అందరూ తిని పోయినంక పోవడం నేర్చుకుంటాడు. దసరా సెలవులకు ఇంటికి పోయినోడు మళ్లీ రాడు. రిజిస్టర్‌లో "డిస్కంటిన్యూ" అని ఒక మాట రాసి పక్కన పెడతారు. ఎందుకు పోయాడని అడిగితే "చదువు మీద ఇంట్రెస్ట్ లేదు సార్" అని జవాబు.

మర్యాద గురించి మాట్లాడదాం అంటే చాలామంది నీతిపాఠం అనుకుని పక్కకు జరుగుతారు. అందుకే ఈసారి చరిత్ర చెప్పాలనుకున్నాం. ఈ పిలుపులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక్కోదానికి ఒక కాలం ఉంది, ఒక చోటు ఉంది. అవమానం జరిగినప్పుడు మనకంటే ముందున్న వాళ్లు ఏం చేశారో, ఎక్కడ గెలిచారో, ఎక్కడ తాము కూడా అదే పని చేశారో తెలిస్తే మనకు పనికొస్తుంది.

మొదట మనం చదువుకునే బిల్డింగులనే చూడండి. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీదున్న డిగ్రీ కాలేజీ, మనం ఎం.ఎ.ఎల్.డి. అనేది, కోట లోపలే పెట్టారు, చెన్నకేశవస్వామి గుడి ఉన్న కోటలోనే. వనపర్తి పాలిటెక్నిక్‌ను రాజావారి ప్యాలెస్‌లో పెట్టారు, 1959లో ప్రధాని నెహ్రూ వచ్చి ప్రారంభించారు. రెండూ నిజాం కింద ఉన్న సంస్థానాలు. గద్వాలకు "విద్వద్గద్వాల" అని పేరు. దూరదూరం నుంచి పండితులు, కవులు వచ్చి సన్మానాలు అందుకున్న చోటు అది. అంటే గౌరవం ఇవ్వడం అక్కడ తెలియక కాదు. ఎవరికి ఎంత ఇవ్వాలనేదే లెక్క. కవికి శాలువా, దొరకు దండం, వెట్టికి వచ్చినోడికి "అరేయ్". ఆ కాలపు మర్యాద మాట ఏదయ్యా అంటే "నీ బాంచెన్, కాల్మొక్త". చెప్పేవాడు ఒక్కడే, వినేవాడు ఒక్కడే, ఎన్నడూ తిరగబడని మాట.

1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన పోయింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కోటలో క్లాసు రూములు వచ్చాయి. పిలుపు మాత్రం అంత తొందరగా ఖాళీ చేసి పోలేదు. ఇవాళ్టికీ కొన్ని ఊళ్లలో ఒకే వయసు పిల్లల్లో ఒకరు "పటేలా" అయితే ఇంకొకరు "అరేయ్". ఆ ఊరి నుంచి ఇద్దరూ ఒకే బస్సెక్కి ఒకే కాలేజీకి వస్తారు. పిలుపు కూడా టికెట్ లేకుండా వాళ్లతో పాటే వస్తుంది.

ఇక హైదరాబాద్ పోదాం, 1921కి. ఆ ఏడు నవంబర్ 12న వివేకవర్ధని హాల్లో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. వితంతు వివాహాల కోసం పోరాడిన మనిషి, ఆడవాళ్ల కోసం యూనివర్సిటీ పెట్టిన మనిషి. సభలో ఇంగ్లిష్‌లో మాట్లాడారు, ఉర్దూలో మాట్లాడారు, మరాఠీలో మాట్లాడారు, జనం విన్నారు. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే హాల్లో నవ్వులు, గోల. ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

ఇక్కడ కొంచెం ఆగండి. ఆ రోజు నవ్వినవాళ్లు రౌడీలు కాదు. సమాజాన్ని బాగుచేయాలని వచ్చిన చదువుకున్నవాళ్లు. వితంతువు బాధ అర్థమైనవాళ్లకు పక్క సీట్లో కూర్చున్న మనిషి భాష నవ్వులాటగా కనిపించింది. ఈ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే. అయినా కచేరీలో లేదు, కాలేజీలో లేదు, కాబట్టి అది ఊరోళ్ల భాష అనుకున్నారు. మనలో గోర్ బోలిలో ఇంటికి ఫోన్ చేసేటప్పుడు గది బయటికి పోయి మాట్లాడేవాళ్లకు ఆ హాలు ఎట్లుండి ఉంటుందో విడమర్చి చెప్పక్కర్లేదు.

అవమానపడ్డ తెలుగువాళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో కూడారు. పట్టుమని పది పన్నెండు మంది. ఆంధ్ర జనసంఘం అక్కడ పుట్టింది. మాడపాటి హనుమంతరావు లాంటివాళ్లు దాన్ని పెంచారు. గ్రంథాలయాలు పెట్టారు, వెట్టిచాకిరీ మీద, వర్తకుల ఇబ్బందుల మీద చిన్న చిన్న పుస్తకాలు వేశారు. తొమ్మిదేళ్లకు, 1930లో, అదే ఆంధ్ర మహాసభగా మారి మెదక్ వైపు జోగిపేటలో మొదటి సభ పెట్టింది. దానికి అధ్యక్షుడు ఎవరు? మన గద్వాల జిల్లా ఇటిక్యాలపాడు మనిషి, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి. ఒక హాల్లో వినిపించిన నవ్వు నుంచి ఇంత పెద్ద సంస్థ లేచింది. ఇది మనం గర్వంగా చెప్పుకునే కథే.

కథ అక్కడ ఆపితే మాత్రం అబద్ధమవుతుంది.

అదే జోగిపేట సభలో భాగ్యరెడ్డి వర్మ అంటరానితనం గురించి మాట్లాడటానికి లేచినప్పుడు సనాతనులు కొందరు అభ్యంతరం చెప్పి లేచి పోయారు. పెద్దలు సర్దిచెప్పాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ల కింద "మా భాషలో మాట్లాడనివ్వలేదు" అని బయటికి నడిచినవాళ్ల సభ అది. ఆ సభలో ఒక దళిత నాయకుడు నోరు తెరిస్తే వినలేకపోయినవాళ్లు ఉన్నారు. దెబ్బ తిన్నవాడికి నొప్పి తెలుస్తుంది కాబట్టి ఇంకొకరిని కొట్టడు అని మనం అనుకుంటాం. జోగిపేట చూస్తే అట్లేం లేదనిపిస్తుంది. తన మీద పడ్డ దెబ్బ ఒక్కటే దెబ్బ అనుకోవడం చాలా తేలిక.

భాగ్యరెడ్డి వర్మ గురించి ఇంకో మాట చెప్పి ముందుకు పోతాం, ఎందుకంటే పేర్ల విషయంలో ఆయనది గట్టి పాఠం. 1917 నవంబర్‌లో బెజవాడలో "ఆంధ్ర దేశ పంచమ మహాజన సభ" అని పేరు పెట్టి ఆయన్ను అధ్యక్షుడిగా పిలిచారు. ఆయన కుర్చీలో కూర్చుని మొదట ఆ పేరు మీదే మాట్లాడారు. పంచమ అంటే ఐదోవాడు, నాలుగు వర్ణాల లెక్కలో బయట నిలబెట్టినవాడు. మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అన్నారు. సభ పేరే ఆది ఆంధ్ర సభగా మారింది. ఆ రోజుల్లో భయపడి కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారని కూడా చరిత్రలో ఉంది. ఆయన ఎవర్నీ తిట్టలేదు. నన్ను ఏ పేరుతో పిలవాలో నేను చెప్తా అన్నాడు, అంతే. ఇప్పుడు మన పిల్లలు క్లాసులో ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంత ఇబ్బంది పడతారో మనకు తెలుసు.

హాస్టళ్ల కథ కూడా ఈ కాలానిదే. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ 1918లో మొదలైంది. పెట్టింది వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టి హైదరాబాద్ కొత్వాల్ అయిన రాజబహద్దూర్ వెంకటరామారెడ్డి. 1920లలో ఆ హాస్టల్ బాధ్యత చూసినవాడు మళ్లీ సురవరమే. పల్లె నుంచి పోయిన పిల్లలకు పట్నంలో అన్నం, పడక, లైబ్రరీ, తమ మాట నవ్వులాట కాని ఒక చోటు దొరికాయి. తర్వాత వేరే కులాలూ హాస్టళ్లు పెట్టుకున్నాయి. తండాకు గానీ పెంటకు గానీ అట్లా పట్నంలో ఇల్లు కట్టించే కొత్వాల్ లేడు. మన హాస్టళ్లు సర్కారు నుంచి వచ్చాయి, చాలా ఆలస్యంగా, చాలా చోట్ల కిటికీ రెక్కలు లేకుండా. అయినా రెడ్డి హాస్టల్ ఆ పిల్లలకు ఏం ఇచ్చిందో, మన ఎస్టీ హాస్టల్ మనకు అదే ఇవ్వాలి కదా. ఇస్తుందా అనేది ముందు ముందు మాట్లాడదాం.

ఇప్పుడు అన్నింటికంటే చేదు మాట. హాస్టల్లో ఫోన్ పోయింది. లేకపోతే పరీక్ష ఫీజు కోసం దాచుకున్న ఐదు వందలు పోయినయి. మొదట ఎవరి పెట్టె తెరుస్తారు? ఎరుకల పిల్లగాడు ఉంటే వాడిది, లేకపోతే లంబాడా పిల్లగానిది. ఎవరూ గట్టిగా ఏమీ అనరు, చూపులు మాత్రం అటు పోతాయి.

ఆ చూపు వయసు నూట యాభై ఏళ్లు దాటింది. 1871లో బ్రిటిష్ సర్కారు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిలో, 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా. ఒక కులంలో పుడితే చాలు, నేరం చేసినా చేయకపోయినా పోలీసు రిజిస్టర్‌లో పేరు, వేలిముద్ర, హాజరు. ఎరుకలవాళ్లను పట్టుకుపోయి బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్‌లో పెట్టారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగిన లంబాడాలను రైలు, రోడ్డు వచ్చి బతుకు దెబ్బతీశాక కొన్ని చోట్ల ఇదే జాబితాలోకి తోశారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. చట్టం పోయి డెబ్బై ఏళ్లు దాటినా హాస్టల్ గదిలో పెట్టె తెరిచే వరుస మాత్రం అదే. పక్క మంచం మీది పిల్లగాడు చరిత్ర చదివి అట్లా చూడడు, పాపం. వాళ్ల తాత చూసినట్టు చూస్తాడు. అందుకే ఎవరైనా "మీవోళ్లు గదే పని కదా" అంటే, కొట్లాటకు దిగే ముందు, అది పుట్టిన సంవత్సరం చెప్పండి. 1871 అని చెప్పండి. చాలామందికి నిజంగా తెలియదు.

ఇప్పటిదాకా బయటోళ్లు మనల్ని ఏమన్నారో చెప్పాం. జోగిపేట గుర్తుందా? ఇప్పుడు ఆ మాటకొద్దాం.

మన మూడు జిల్లాల ఎస్టీ హాస్టళ్లలో లంబాడా పిల్లలు ఎక్కువ. చెంచు పిల్లలు ఒకరో ఇద్దరో. గదిలో గోర్ బోలి నడుస్తుంటే ఆ ఒక్క చెంచు పిల్లగాడు గోడ వైపు తిరిగి పడుకుంటాడు. "అడివోడా", "కోతి తింటవా" అనే మాటలు ఎస్టీ హాస్టల్లో, ఎస్టీ పిల్లల నోటి నుంచే వస్తున్నాయి. బయట "తండోడు" అనిపించుకుని వచ్చినోడు లోపల ఇంకొకర్ని "అడివోడు" అంటున్నాడు. కొందరికి ఇది రాయడం నచ్చదు. బయటోళ్లకు అలుసవుతాం అంటారు. అలుసయ్యేది ఎవరో ఆ గోడ వైపు తిరిగి పడుకున్న తమ్ముణ్ణి అడగాలి.

దీని వెనకాల కూడా చరిత్ర ఉంది. తుంగభద్ర అవతల కర్నూలు వైపు సుగాలీలు ముందు నుంచే ఎస్టీలు. ఇవతల అలంపూర్, గద్వాల వైపు అదే చుట్టరికం ఉన్న లంబాడాలు 1976 సవరణ చట్టం వచ్చేదాకా ఎస్టీలు కాదు. ఏరు దాటితే కులం జాబితా మారేది. చెంచులది వేరే దారి. 1940లో హైమెండార్ఫ్ నల్లమలలో వాళ్ల మధ్య ఉండి పుస్తకం రాశాడు. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో సర్కారు వాళ్లను "ప్రిమిటివ్" గుంపుల్లో చేర్చింది. ఆ మాట ఎంత కించపరిచేదో గుర్తించి 2006లో తీసేసి "ప్రత్యేకంగా ప్రమాదంలో ఉన్న" అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఫైల్లో పేరు మారింది. హాస్టల్లో ఇంకా పాత పేరే నడుస్తుంది.

జాబితాలో ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరికి ఎన్ని సీట్లు అనేది నిజమైన తగాదా. 2017 డిసెంబర్‌లో ఉట్నూరు వైపు ఆదివాసులకు, లంబాడాలకు మధ్య ఎంత దూరం పోయిందో చూశాం. కొన్ని బడుల్లోకి లంబాడా టీచర్లను రానివ్వని రోజులు అవి. ఆ వాదన ఎవరిది ఒప్పు అనేది ఈ పోస్టులో తేల్చేది కాదు. కోర్టులు ఉన్నాయి, కమిషన్లు ఉన్నాయి. పదిహేడేళ్ల పిల్లగాడి మంచం దగ్గర ఆ కేసు నడపొద్దు, మా మాట అంతవరకే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురి ముందు కావాలని అవమానించడం, కులం పేరుతో దూషించడం అందులో నేరం. 2015 సవరణతో అది ఇంకా గట్టిపడింది. కానీ ఆ చట్టం ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు చేసిన నేరానికే. లంబాడా పిల్లగాడు చెంచు పిల్లగాణ్ణి అన్న మాటకు అది వర్తించదు. అక్కడ పనికొచ్చేది ర్యాగింగ్ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చింది. తోటి విద్యార్థిని ఎగతాళి చేసి, సిగ్గుపడేలా, కించపడేలా చేసినా ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా లేదా రెండూ. "కొట్టలేదు కదా సార్, ఊరికే అన్నా" అనేది ఆ చట్టం ముందు నిలబడదు. 2009లో అమన్ కచ్రూ అనే మెడికల్ విద్యార్థి ర్యాగింగ్‌లో చనిపోయినంక యూజీసీ దేశమంతా నిబంధనలు తెచ్చింది. 2016లో వాటికి ఒక సవరణ చేసి కులం, జాతి, ప్రాంతం, మాట్లాడే భాష ఆధారంగా వేధించడం కూడా ర్యాగింగే అని రాసింది. 1921 నాటి హాలుకు ఆ నిబంధన చేరడానికి 95 ఏళ్లు పట్టింది. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫోన్‌లో సేవ్ చేసుకోండి.

ఇప్పుడు మన మూడు జిల్లా కేంద్రాల్లోనూ సర్కారు మెడికల్ కాలేజీలు ఉన్నాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ 2022లో, గద్వాల 2024లో మొదలయ్యాయి. మన పిల్లలు డాక్టర్లవుతున్నారు, సంతోషం. అందుకే ఈ రెండు సంగతులు మరవొద్దు. 2019 మే నెలలో ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ డాక్టర్, సీనియర్ల వేధింపుల ఆరోపణల మధ్య ప్రాణం తీసుకుంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో పీజీ మొదటి ఏడాది చదువుతున్న లంబాడా బిడ్డ చనిపోయింది, వేధింపుల కేసు నమోదైంది. ఇద్దరూ చదువులో వెనకబడ్డవాళ్లు కాదు. ఇద్దరి ఇళ్లల్లోనూ ముందే చెప్పారు, ఇబ్బందిగా ఉందని. పాయల్ తల్లి, రోహిత్ వేముల తల్లి కలిసి అదే 2019లో సుప్రీంకోర్టుకు పోయారు, కాలేజీల్లో వివక్ష మీద నిబంధనలు కాగితం దాటి అమలవ్వాలని.

మరి మనం ఈ ఏడు ఏం చేస్తాం? ఫ్రెషర్స్ మీటింగ్‌లో మొదట కొత్త పిల్లల్ని నిలబెట్టి పాట పాడమనడం బంద్ చేద్దాం. వాళ్ల పేరు, ఊరి పేరు, ఏమని పిలిస్తే ఇష్టమో అడుగుదాం. అందరికంటే తక్కువమంది ఉన్న తెగ పిల్లలకు ముందు మైకు ఇద్దాం, వాళ్లు చెంచు తెలుగులో మాట్లాడినా, కుర్రు భాషలో మాట్లాడినా. నవ్వితే సీనియర్లే ఆపాలి. "అన్నా" అని పిలిపించుకునే సీనియర్ తిరిగి "తమ్మీ" అనాలి, "అరేయ్" కాదు. వస్తువు పోతే పెట్టెలు తెరవాల్సి వస్తే వార్డెన్ ముందు గదిలో ఉన్న అందరి పెట్టెలూ తెరవాలి, ముందు సీనియర్లవి. ఎవరికైనా జరగరానిది జరిగితే ఆ రాత్రే తేదీ, టైము, అన్న మాట అన్నట్టుగా, విన్నవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. రెండు నెలల తర్వాత కమిటీ అడిగితే నోటి మాట గుర్తుండదు. ఆడపిల్లల హాస్టళ్లలో ఇవన్నీ వేరే రూపంలో ఉంటాయి, వాటి గురించి అక్కలు విడిగా రాస్తే బాగుంటుంది. మేం రాస్తే సగమే రాస్తాం.

చెంచు పెద్దలు ఒక మాట చెప్తారు. కొండ చరియకు పట్టిన తేనె తీయడానికి తాడు మీద కిందికి దిగేటప్పుడు పైన ఆ తాడు పట్టుకునేది పెళ్లాం తమ్ముడే, బామ్మర్దే. అక్క బతుకు కూడా ఆ తాడు మీదే ఉంటుంది కాబట్టి వదలడని. హాస్టల్లో కొత్తగా దిగే ప్రతి పిల్లగాడికి ఒక తాడు పట్టే సీనియర్‌ను చూపిద్దాం, అదీ వేరే తెగ నుంచి. చెంచు తమ్ముడికి లంబాడా అన్న, లంబాడా చెల్లెకు ఎరుకల అక్క.

ఇంకో పని ఉంది, దీనికి మళ్లీ సురవరమే దారి. తెలంగాణలో కవులు "పూజ్యులు", అంటే సున్నా అని ఒకాయన ఎగతాళిగా రాస్తే, ఆయన ఊరూరి నుంచి కవుల పేర్లు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేశాడు. లెక్క పెడితే 354 మంది. మనం కూడా అట్లాంటి లెక్క ఒకటి మొదలుపెడదాం. ఈ నెలాఖరులోగా మీ తండా, మీ పెంట, మీ వాడ పేరు, ఆ పేరు ఎట్లా వచ్చిందో ఇంట్లో పెద్దల్ని అడిగి, అక్కడి నుంచి మొదటిసారి డిగ్రీ దాకా వచ్చింది ఎవరో రాసి పంపండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీలైన తండాల వాళ్లు పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి. అప్పాపూర్, భౌరాపూర్, మేడిమల్కల, కుడిచింతలబైలు వైపు పిల్లలకు సిగ్నల్ దొరకదు. అచ్చంపేటలో, మన్ననూరులో ఉన్నవాళ్లు సంతకు వచ్చిన వాళ్లను అడిగి రాసుకోండి. మొదటి పేజీ ఆ పెంటలతోనే మొదలుపెడతాం.